డాక్టరు గవరయ్య గుటక

కలకత్తా నుంచి బడ్జ్ బడ్జ్ వెళ్లే లోకల్ రైల్లో తెలుగు వినబడిందంటే మొదటి మాట ఉక్కపోత గురించి, రెండో మాట జనపనార మిల్లు మళ్లీ ఎప్పుడు మూతపడుతుందోనన్న దాని గురించి, మూడో మాట గవరయ్య డాక్టరు గుటక గురించి. చెప్పేవాణ్ణి బట్టి ఆ రోజు ఆయన తాగింది గ్లాసెడో, చెంబెడో, బక్కెట్టెడో అవుతుంది. నిజానికి అది ఒక్క స్టీలు గ్లాసు. దాన్ని తాగడానికి మాత్రం ఆయనకు నలభై ఏళ్లు పట్టింది.

గవరయ్య తండ్రి టెక్కలి దగ్గర నుంచి వచ్చి నీలకుఠీ మిల్లులో నూలు వడికాడు. కూలీల కోసం మిల్లు కట్టించిన వరస గదుల్ని లైన్లు అంటారు. మొత్తం మూడువందల గదులు. వాటిలో ఒకదానిలో, సరిగ్గా పొద్దుటి కూత వేళకు గవరయ్య పుట్టాడు. మిల్లు కూతా, పిల్లాడి కేకా ఒకేసారి మొదలైతే, ముందు అలిసిపోయి ఆగింది మిల్లేనని వాళ్లమ్మ చెప్పేది.

నది ఒడ్డున చర్చి సిస్టర్లు నడిపే బడిలో ఆయన చదువుకున్నాడు. ఆ సిస్టర్లు ఇంగ్లీషుతో పాటు గోళ్లు కత్తిరించుకోవడం, అబద్ధమాడితే చెవులు ఎర్రబడటం కూడా నేర్పారు. గోళ్ల సంగతి ఆయన మరిచిపోయాడు. చెవులు మాత్రం ఇప్పటికీ సిస్టర్ల మాటే వింటాయి.

డాక్టరు కావాలన్నది ఆయన కోరిక. పెద్ద మెడికల్ కాలేజీ ఆయన మార్కుల్ని చూసి మర్యాదగా ముఖం తిప్పుకుంది. అందుకని కలకత్తా వెళ్లి హోమియో డిప్లొమా చదివాడు. కలకత్తాలో రాయి విసిరితే హోమియో డాక్టరుకే తగులుతుంది, తగిలిన చోటికి మందు ఆయనే వేసుకుంటాడు అని ఒక సామెత ఉండాలి. లేకపోతే ఇప్పుడు పుట్టిందనుకోండి.

1984లో మిల్లు గేటు ఎదురుగా, టీకొట్టు పక్క గదిలో బోర్డు కట్టాడు. పదకొండు రోజులు ఆ బోర్డు చదవడానికి తప్ప ఎవరూ రాలేదు. పన్నెండో రోజు అప్పాయమ్మ వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి, మిల్లులో గోనెసంచులు కుట్టే మనిషి. నోట్లో చుట్ట, అదీ శ్రీకాకుళం ఆడవాళ్ల పద్ధతిలో నిప్పు లోపలికి పెట్టుకుని కాల్చే అడ్డపొగ. కడుపునొప్పి అంది. గవరయ్య పుస్తకం తిరగేసి, సీసా తీసి, ఆరు తెల్లటి గుళికలు పొట్లం కట్టి ఇచ్చాడు.

"ఇదేటి బాబూ, సీమల మేతలాగున్నాది."

"హోమియో మందు. నాలిక మీదెట్టుకో."

"ముందు నువ్వెట్టుకో."

"నాకు నొప్పి నేదు కదా."

"నాకు నొప్పున్నాది గాని నమ్మకం నేదు. మా మరిదికి ఇలాగే సంతలో ఎవడో మందిచ్చాడు. మూడ్రోజులు నోరు పడిపోనాది. ఆ మూడ్రోజులూ మా తోటికోడలు సుఖపడ్డాది, అది ఏరే సంగతి."

గవరయ్య ఒక గుళిక నాలిక మీద వేసుకున్నాడు. అప్పాయమ్మ ఆయన గొంతు కేసి చూస్తూ కూచుంది.

"మింగినావా?"

"ఇది మింగరు. కరిగిపోతాది."

"కరిగినాక మింగుతావు కదా. గుటక పడాల."

గుటక పడింది. అయినా ఆమె పొట్లం విప్పలేదు. కొత్త చుట్ట వెలిగించి, అది పూర్తిగా కాలేదాకా బల్ల మీద కూచుని, డాక్టరు ఇంకా బతికే ఉన్నాడని రూఢి చేసుకుని అప్పుడు మందేసుకుంది. మర్నాటికి నొప్పి తగ్గింది. ఆమె ఏడుగురిని వెంటబెట్టుకొచ్చింది. ఏడుగురూ ఒకే గొంతుతో అన్నారు, "ముందు నువ్వు."

అలా మొదలైంది ఆ ఆచారం. రోజుకు యాభై మంది, నలభై ఏళ్లు. ఎవరికే మందిచ్చినా ముందు ఆయన నాలిక మీద ఒకటి పడాలి, గుటక కనబడాలి, ఒక చుట్ట కాలినంత సేపు అందరూ ఆగాలి. లోకంలో ఉన్న మందులన్నీ ఆయన పొట్టలోనే ఉండటం వల్ల రోగాలు ఆ గదిలోకి చెప్పులు విడిచి వచ్చేవట. చక్కెర జబ్బు ఒక్కటే చెప్పులతో దర్జాగా వచ్చేసింది. గుళికలు పంచదారతో చేసినవి మరి.

ఆయన దగ్గర కాంపౌండరు పుష్పరాణి. సీసాల మీది లాటిన్ పేర్లు ఆమె చదవలేదు, బిరడా రంగుల్ని బట్టి తీస్తుంది. ఇన్నేళ్లలో ఒక్కసారీ తప్పలేదు. పేర్లు చదివి తీసే డాక్టరు రెండుసార్లు తప్పాడు.

కాని గవరయ్య అసలు విద్య గుళికల్లో లేదు. ఏ రోగి దగ్గర చేతులెత్తెయ్యాలో ఆయనకు తెలుసు. "ఇది నా పంచదారకి లొంగదు" అని సీసా మూసేసి, ఆ మనిషిని లోకల్ రైలెక్కించి, తానే పెద్దాసుపత్రికి తీసుకెళ్లేవాడు. ఆ మాట అన్నాక లైన్లలో ఎవరూ ఎదురు చెప్పేవాళ్లు కాదు. అర్ధరూపాయి గుళికను కూడా తాను తిని చూపించేవాడు, ఆపరేషన్ చేయించుకోమంటే అబద్ధం ఎందుకు చెబుతాడు? అలా ఆయన గుటక మీద ఆధారపడి కనీసం వందమంది బతికారు. లైన్లలో ఆ లెక్క మూడు వేలంటారు. అన్నిమంది లైన్లలో ఎప్పుడూ లేరు.

ఇక మునిసిపాలిటీ సంగతి.

లైన్లలో తాగేది పాత చేతిపంపు నీళ్లు. పసుపు రంగులో ఉండేవి. వానలు పడ్డాయంటే సగం లైన్లకు విరేచనాలు, మిగతా సగానికి కామెర్లు. 2021లో ఒకరోజు గవరయ్యకు విసుగొచ్చి, అప్పాయమ్మ చీటీ మీద మందు పేరుకు బదులు "మంచినీళ్లు, రోజుకు ఎనిమిది గ్లాసులు" అని రాసిచ్చాడు. ఆమెకు చదువు రాదు. ఆ చీటీ పట్టుకుని నాలుగు మందుల షాపులు తిరిగి వచ్చింది.

"ఈ మందు ఏ దుకానంలోనూ నేదంట బాబూ. మునిసిపాలిటీలో దొరుకుతాదంట. నువ్వే ఎల్లి తే."

ఆ మాటతో ఆయన ఎన్నికల్లో నిలబడ్డాడు, ఏ పార్టీ లేకుండా. గుర్తుగా బక్కెట్టు ఇచ్చారు. ప్రచారంలో ఆయన ఏ వాగ్దానమూ చెయ్యలేదు, చెవుల భయం. ఆయన చెయ్యని వాగ్దానం బక్కెట్టు చేసింది. బక్కెట్టు గుర్తువాడు నీళ్లివ్వక ఏమిస్తాడని అందరూ ఓటేశారు. రెండువందల పన్నెండు ఓట్ల తేడాతో గెలిచాడు.

కౌన్సిలరు అయ్యాక కూడా ఆయనకు తెలిసింది వైద్యమే. ఏ గుమాస్తా దగ్గరకు వెళ్లినా ఫైలు ముందు కూచుని, "ఈ బాధ ఎప్పట్నుంచి? పొద్దుట ఎక్కువా, సాయంత్రమా? కదిలితే తగ్గుతోందా?" అని అడిగేవాడు. రెండేళ్లు అడిగేసరికి, నీళ్ల పైపు మంజూరు చెయ్యకపోతే ఈయన తమ నాలికలు కూడా చూస్తాడని భయపడి చైర్మన్ సంతకం పెట్టేశాడు. 2024 ఎండల్లో లైన్లకు పైపు వేశారు. ఆదివారం ప్రారంభోత్సవం.

శనివారం పొద్దున్న పైపు మిస్త్రీ సునీల్‌కుమార్ దవాఖానాకు వచ్చాడు. రోగం ఏమీ లేదు. బల్ల చివర కూచుని అందరూ వెళ్లేదాకా ఆగాడు.

"డాక్టర్‌బాబూ, పైపు కడగనేదు. మూడు దినాలు నీళ్లొదిలేసి, బ్లీచింగేసి కడగాల. పైగా మూడో వరస కాడ అతుకు మురిక్కాలవలో మునిగున్నాది. కారతన్నాది."

గవరయ్య చేతిలో ఉన్న సీసా బల్ల మీద పెట్టి, చెప్పులేసుకుని, కాంట్రాక్టరు అభిజిత్ దగ్గరకు వెళ్లాడు. అభిజిత్ వేదిక మీద పూలదండలు కట్టిస్తున్నాడు. మంచివాడే. ప్రపంచంలో ఏ కష్టానికైనా అతని దగ్గర ఒకటే మందు, "కిచ్ఛు హొబే నా." ఏమీ కాదు అని. వంతెన కూలుతోందన్నా అదే అంటాడు.

"కిచ్ఛు హొబే నా, గవర్‌దా. రేపు చైర్మన్‌బాబు ఫీతా కోస్తారు. ఎల్లుండి కడిగేస్తాను."

"రేపు జనం తాగుతారు కదా."

"మీరు గ్లాసు పెదవికి ఆనించండి. ఫోటో తీస్తారు. అయిపోయింది. తేదీ మార్చమన్నారనుకోండి, ఫైలు మళ్లీ పైకి పోతుంది. పోయినసారి పైకెళ్లిన ఫైలు కిందికి దిగడానికి ఎన్నాళ్లు పట్టిందో మీకే తెలుసు."

గవరయ్యకు తెలుసు. రెండేళ్లు. అంటే రెండు వానాకాలాల చేతిపంపు నీళ్లు. ఆపమంటే పైపు పోతుంది. ఆపకపోతే, ఆయన గుటక పడగానే మూడువందల గదులూ ఆ మురికి తాగుతాయి. పోనీ తాగినట్టు నటించి, ఫోటో అయ్యాక వద్దని చెబుదామంటే, ఆ మర్నాటి నుంచి దవాఖానాలో ఆయన వేసే ప్రతి గుటకనూ జనం తిరగేసి చూస్తారు. దొంగ గుటక ఒకటి పడ్డాక, ఆసుపత్రికి పదమంటే ఎవరు రైలెక్కుతారు?

అయినా సరే, నటనే మేలనుకున్నాడు. ఇంటికి వచ్చి అద్దం ముందు నిలబడి గ్లాసుతో సాధన మొదలెట్టాడు. భార్య రాజకుమారి కూర తరుగుతూ కాసేపు చూసింది.

"ఏటి, అద్దానికి పాలు పడతన్నావా?"

"రేపటికి అలవాటు సేసుకుంటన్నాను. తాగకుండా తాగడం."

"ఏదీ, మళ్లీ సెయ్యి."

చేశాడు.

"పెదాలు బాగానే ఉన్నాయి. చెవులు సూసుకున్నావా?"

చూసుకున్నాడు. రెండూ పండు మిరపకాయల్లా ఉన్నాయి.

"కుళ్లాయెట్టుకుంటాను."

"మే నెల్లోనా? సరే, ఎట్టుకో. మరి గొంతుకేటి కడతావు? అప్పాయమ్మ నీ గొంతునే సూస్తాది. నన్నడిగితే నీ గొంతు నాకన్నా ఆవిడికే బాగా తెలుసు."

ఆదివారం పదిగంటలకు కొళాయికి బంతిపూల దండ, వేదికకు రంగు గుడ్డలు, ఒక బ్యాండు. మూడువందల బక్కెట్లు వరసగా పెట్టి ఉన్నాయి. అన్నిటికంటే ముందు అప్పాయమ్మ తన బక్కెట్టు బోర్లించి దాని మీద కూచుంది. డెబ్భై ఏళ్ల మనిషి, చూపు మాత్రం తగ్గలేదు. ఒళ్లో మూడు చుట్టలున్నాయి.

"మూడెందుకే పిన్నీ?" అని పుష్పరాణి అడిగింది.

"గుళికంటే ఒకటి సాలు. నీళ్లు కడుపు నిండా తాగుతారు. మూడుండాల."

చైర్మన్ ఫీతా కోశాడు. కొళాయి తిప్పాడు. నీళ్లు వచ్చాయి. బ్యాండు మోగింది. రండమ్మా, పట్టుకోండి అని బెంగాలీలో పిలిచాడు. ఎవరూ కదల్లేదు. బెంగాలీ రాదేమోనని హిందీలో చెప్పాడు. కదల్లేదు. ఇంగ్లీషులో కూడా చెప్పాడు. ఆరువందల కళ్లు గవరయ్య వైపు తిరిగి ఉన్నాయి. చివరికి చైర్మనే ఒక స్టీలు గ్లాసు నింపి, నవ్వుతూ ఆయన చేతికి ఇచ్చాడు. ఫోటో తీసేవాడు ముందుకు వంగాడు.

గవరయ్య గ్లాసు ఎత్తాడు. తుప్పు వాసన ముందు వచ్చింది. దాని వెనకాలే మూడో వరస కాలవ వచ్చింది. పెదవికి ఆనించాడు. ఇంతవరకూ అద్దం ముందు చేసినట్టే జరిగింది.

"బాబూ," అంది అప్పాయమ్మ. "కాలరు బొత్తం తియ్యి. గొంతు కనపడతం నేదు."

ఆయన బొత్తం తీశాడు.

ఆ క్షణంలో ఆయన ఏమనుకున్నాడన్న దానికి లైన్లలో రెండు కథలున్నాయి. ఫీతా తెగింది కాబట్టి ఫైలు ఇక పైకి పోదు, ఇప్పుడు పోవలసింది ఒక్క కడుపేనని లెక్క చూసుకుని తాగాడన్నది మొదటిది. ఏమీ అనుకోలేదు, నలభై ఏళ్ల అలవాటున్న గొంతు యజమానిని అడక్కుండా తన పని తాను చేసుకుపోయిందన్నది రెండోది. మొదటి కథ ఆయన చెప్పినప్పుడల్లా చెవులు ఎర్రబడతాయి కనక, రెండోదే నిజమయి ఉండాలి.

గుటక పడింది. నదికి అవతలి ఒడ్డున పడవ కట్టుకుంటున్నవాళ్లు కూడా విన్నామంటారు. ఒకటి కాదు, గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఆరు గుటకలు. తర్వాత ఆయన మూతి తుడుచుకుని తెలుగులో అన్నాడు:

"పైపు కడగనేదర్రా. నాకు తెలిసే తాగినాను. అప్పాయమ్మ సుట్టలయ్యేదాకా ఎవులూ ముట్టుకోకండి."

చైర్మన్‌కు తెలుగు రాదు. బాగుందన్నాడనుకుని చప్పట్లు కొట్టాడు. అప్పాయమ్మ మొదటి చుట్ట వెలిగించింది. చైర్మన్ గడియారం చూసుకున్నాడు. అభిజిత్ సందేశ్ మిఠాయి పెట్టెలు పంచాడు. మొదటి చుట్ట అయింది. రెండోది సగానికి వచ్చేసరికి గవరయ్య ముఖం బూడిద గుమ్మడికాయ రంగుకు తిరిగింది. ఆయన చైర్మన్‌కు నమస్కారం పెట్టి వేదిక దిగాడు. నాలుగడుగులు నడిచాడు. తర్వాత వేగం పెంచాడు. తర్వాత అరవయ్యారేళ్ల మనిషి, మెడలో బంతిపూల దండతో, పంచె పైకి ఎత్తిపట్టుకుని ఇంటివైపు పరుగెత్తాడు. ఆయన రాసిన చీటీలు ఎప్పుడూ ఎవరికీ అర్థం కాలేదు. ఆ పరుగు మాత్రం చదువు రానివాళ్లకు కూడా అర్థమయింది.

అప్పాయమ్మ నోట్లోంచి చుట్ట తీసింది.

"బోర్లించండర్రా."

మూడువందల బక్కెట్లు ఒకేసారి బోర్లబడిన చప్పుడుకు బ్యాండువాళ్లు వాయించడం మానేశారు. ఏమైందని చైర్మన్ అభిజిత్‌ను అడిగాడు. అభిజిత్ నోరు తెరిచాడు. జీవితంలో మొదటిసారి ఆ మూడు మాటలు అతనికి దొరకలేదు.

ఇంటి దగ్గర గవరయ్య మంచం పట్టాడు. పుష్పరాణి ఎర్ర బిరడా సీసా పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఇది నా పంచదారకి లొంగదు పుష్పా. పంచదారలో ఉప్పెయ్యాల. మందుల షాపులో ఓఆర్ఎస్ పొట్లాం తే. కాచిన నీళ్లు. సాయంత్రానికి ఆగకపోతే ఆసుపత్రి."

పొట్లాం కలిపిన చెంబు మంచం దగ్గరకు వచ్చేసరికి అక్కడ అప్పాయమ్మ ఉంది. చెంబు అందుకుని, తల వెనక్కి వాల్చి, తాను ముందు ఒక గుక్క తాగింది. గుటక కనబడేలా గొంతు ఆయన వైపు తిప్పింది. తర్వాత గోడకు ఆనుకుని కూచుని, మిగిలిన మూడో చుట్ట తీసింది.

"అప్పాయమ్మా, నాలిక పిడస కట్టుకుపోతన్నాది. చెంబు ఇటియ్యి."

"ఓపిక పట్టు బాబూ. నలభై ఏళ్లలో నిన్నెప్పుడైనా తొందరెట్టినానా?"

రాజకుమారి ఆ చుట్ట లాక్కుని గడప అవతల పారేసి, చెంబు మొగుడి నోటికి ఆనించింది. ఆయనింకా కౌన్సిలరుగా ఉన్నాడంటే కారణం అదే. సాయంత్రానికి కడుపు ఆగింది. ఆ ఒక్క కడుపు తప్ప లైన్లలో ఆ రోజు మరేదీ చెడలేదు.

మర్నాడు బెంగాలీ పేపర్లో ఫోటో వచ్చింది. ముందు చైర్మన్ నవ్వుతూ ఉన్నాడు. వెనకాల పంచె ఎత్తిపట్టుకున్న ఆకారమొకటి మసకగా, గాల్లో ఉంది. దాన్ని చూసి చైర్మన్ అభిజిత్‌కు ఫోన్ చేశాడు. ఏమన్నాడో తెలియదు. గంటలో మూడో వరస తవ్వకం మొదలయింది. అతుకు కాలవకు పైకి లేపారు. సునీల్‌కుమార్ దగ్గరుండి మూడు రోజులు నీళ్లొదిలేశాడు, బ్లీచింగ్ వేసి కడిగాడు, నీళ్లు పరీక్షకు పంపాడు. పదో రోజున మళ్లీ కొళాయి తిప్పారు. ఈసారి ఫీతా లేదు, బ్యాండు లేదు.

బక్కెట్లు మళ్లీ వరసలోకి వచ్చాయి. అప్పాయమ్మ బోర్లించిన బక్కెట్టు మీద కూచుంది, ఒళ్లో మూడు చుట్టలు. గవరయ్య ముందుకు అడుగేశాడు. రాజకుమారి ఆయన చొక్కా వెనకనుంచి పట్టుకుంది.

"నువ్వు తాగింది సాలు. ఈరోజు కట్టినోడు తాగుతాడు."

"దాదా," అని అప్పాయమ్మ అభిజిత్‌ను పిలిచింది. "ఇలా రా. కాలరు బొత్తం తియ్యి."

అభిజిత్ సునీల్‌కుమార్ వైపు చూశాడు. సునీల్‌కుమార్ తల ఊపాడు. అభిజిత్ గ్లాసు ఎత్తి తాగాడు.

"గుటక సరిగా పడనేదు. ఇంకో గ్లాసు."

రెండోది తాగాడు. రెండోది బాగానే పడింది కాని, మనిషి కాస్త లావు కాబట్టి మూడోది కూడా అవసరమంది. నాలుగోది ఎందుకో ఆమె చెప్పలేదు, అతను అడగలేదు. తర్వాత మూడు చుట్టలూ కాలేదాకా కాంట్రాక్టరు ఎండలో నిలబడ్డాడు, మూడువందల గదులవాళ్లు అతని ముఖం చూస్తూ నిలబడ్డారు. అతనికి ఏమీ కాలేదు.

అప్పాయమ్మ లేచి, బక్కెట్టు తిరగేసి కొళాయి కింద పెట్టింది.

వరస కదిలింది. మధ్యాహ్నం దాకా నీళ్లు పట్టుకుంటూనే ఉన్నారు. ఎండ మాడుస్తోంది. గవరయ్య పక్కన నిలబడి నిలబడి, రాజకుమారి నింపుకున్న బిందెలోంచి ఒక లోటా ముంచుకుని ఎత్తాడు. అంతే, వరస ఆగిపోయింది. నీళ్లు పట్టుకుంటున్నవాళ్లు, పట్టుకుని పోతున్నవాళ్లు, అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగి ఆయన గొంతు కేసి చూశారు.

"ఏటి సూస్తన్నారు?" అన్నాడు గవరయ్య. "నాకు దాహమేసినాది."

గటగటా తాగేశాడు. జనం నవ్వి కదిలారు. ఒక్క అప్పాయమ్మ మాత్రం నిండు బక్కెట్టు కింద పెట్టి, రొంటిన ఎక్కడో దాచుకున్న నాలుగో చుట్ట తీసి, అగ్గిపెట్టె కోసం వెతుక్కుంది.